చాప జరిపినవాడు

1983 జూన్ నెల. డోర్నకల్ మిషన్ బోర్డింగులో నాకది మొదటి రాత్రి.

నాన్న మధిర దగ్గర ఒక పల్లెలో ఉపదేశి. ఆదివారం ఆరాధన, వారం మధ్యలో ఇళ్ళలో కూడికలు, మిగతా రోజుల్లో పిల్లలకు అక్షరాలు దిద్దించడం, ఇదీ ఆయన పని. జీతం తక్కువ. నన్ను బోర్డింగులో వేస్తే చదువూ తిండీ రెండూ జరుగుతాయని ఆయన లెక్క. ప్యాసింజరు బండిలో ఖమ్మం మీదుగా వచ్చాం. రేకు పెట్టె ఆయన నెత్తిన, చాప చుట్ట నా చంకలో. వార్డెన్ గారికి నన్ను అప్పజెప్పి, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, "బాగా చదువుకో నాయనా" అని స్టేషన్ దారి పట్టాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఎందుకు చూడలేదో నాకు కొడుకు పుట్టాకే అర్థమైంది.

రాత్రి గంట కొట్టి లైట్లు తీసేశారు. పొడవాటి హాలు, గోడల వారగా రెండు వరసల్లో చాపలు. బయట వాన. కొత్తగూడెం వైపు నుంచి వచ్చే బొగ్గు బండి ఎక్కడో ఆగి, కూత మీద కూత వేస్తోంది. నేను దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను. ఎవరికీ వినపడదనుకున్నాను.

ఇంతలో నేల మీద చాప రాసుకున్న చప్పుడు. నా చాపకూ పక్క చాపకూ మధ్య మూరెడు జాగా ఉండేది. అది లేకుండా పోయింది. పక్క కుర్రాడు తన చాపను నా చాపకు ఆనించుకుని అటు తిరిగి పడుకున్నాడు. ఎందుకేడుస్తున్నావని అడగలేదు, ఏడవొద్దనీ అనలేదు. వాడి వీపు నా మోచేతికి వెచ్చగా తగులుతూ ఉంది. ఎప్పుడు నిద్రపోయానో తెలియదు.

వాడి పేరు ఇక్కడ రాయడం లేదు. రాయొద్దన్నాడు. "నా గురించి రాసుడేందిరా" అన్నాడు. కాబట్టి ఇందులో వాడు వాడే.

వాడిది కారేపల్లి అవతల ఒక చిన్న ఊరు. అమ్మానాన్నలిద్దరూ కూలికి వెళ్ళేవారు. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మాది మాలపల్లె, వాళ్ళది మాదిగపల్లె. ఇద్దరి ఇళ్ళలోనూ గోడకు ఒకే యేసుప్రభువు పటం ఉండేది. గుడిలో ఒకే గిన్నెలోంచి ప్రభు భోజనం తీసుకునేవాళ్ళం. కానీ గుడి దాటి ఎవరి పల్లెకు వాళ్ళు వెళ్ళాక ఒకరింట్లో ఒకరు మంచినీళ్ళు కూడా తాగని రోజులవి. మా నాన్న ఉపదేశి అయి ఉండీ, ఈ మాట మీద ప్రసంగం చేసినట్టు నాకు గుర్తు లేదు. పిల్లలం కాబట్టి మాకు ఇవన్నీ సగం తెలుసు, సగం తెలియదు.

ఏడో తరగతిలో సంక్రాంతి సెలవులయ్యాక తిరిగి వచ్చినప్పుడు వాడి చేతులు చూశాను. వేళ్ళ చివర్లు ఎర్రగా కంది, గోళ్ళ పక్కన తోలు లేచిపోయి ఉంది. సెలవులన్నాళ్ళూ అమ్మతో కలిసి మిరపకాయలు ఏరాడు. ఆ పని చేసినవాళ్ళకు తెలుసు, ఆ మంట నీళ్ళతో పోదు. కొబ్బరినూనె రాసినా, మజ్జిగలో చెయ్యి ముంచినా కాసేపే. మర్చిపోయి కన్ను నలుపుకుంటే ఇక ఆ పూటంతా ఏడుపే. ఆ రాత్రి పప్పుచారు పొగలు కక్కుతోంది. వాడు అన్నంలో వేళ్ళు పెట్టడం, ఉలిక్కిపడి తీసేయడం, ఊదుకోవడం. పక్కన కూర్చుని చూస్తున్నాను. నా పళ్ళెంలో అన్నం కలిపి, ముద్దలు చేసి, చల్లారాక ఒక్కొక్కటీ వాడి పళ్ళెంలో పెట్టాను. మూడు రోజులు అట్లాగే తిన్నాడు. ఆ తర్వాత మా ఇద్దరికీ వేరువేరు పళ్ళేలు ఉన్నట్టు నాకు గుర్తు లేదు.

డిసెంబరులో హాల్లో చలి పిండేసేది. ఆదివారం బడిలో టీచరమ్మ యోనాతాను తన పైవస్త్రం తీసి దావీదుకు ఇచ్చిన కథ చెప్పింది. రాజు కొడుకు గొర్రెల కాపరికి ఇచ్చాడు, అది వినడానికి ఎంత బాగుండేదో. మాకు పైవస్త్రమంటే తెలిసింది దుప్పటే. ఆ రాత్రి వాడు తన చిరుగుల దుప్పటి నా మీద వేసి, "నేనే యోనాతాను" అన్నాడు. "కాదు, నేను" అని నా దుప్పటి వాడి మీద వేశాను. చివరికి రెండూ కలిపి ఇద్దరం కప్పుకున్నాం. క్రిస్మస్ స్టార్ కోసం వెదురు పుల్లలు చీల్చినా, క్యారల్స్‌కు అర్ధరాత్రి దాకా ఊరంతా తిరిగినా, కోత పండుగ వేలంలో ఎవరు ఏ గుమ్మడికాయ ఎంతకు పాడారో లెక్కపెట్టుకున్నా, అన్నీ కలిసే.

బోర్డింగుకు దగ్గరలోనే ఎపిఫనీ కెథెడ్రల్. చూసినవాళ్ళకు తెలుసు, అది మామూలు చర్చిలా ఉండదు. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది, స్తంభాలు చూస్తే దేవాలయం గుర్తొస్తుంది. దాన్ని కట్టించిన బిషప్ అజరయ్య గారు తమిళుడు. తిరునెల్వేలి వైపు నుంచి 1909లో ఈ నిజాం ఇలాకాకు వచ్చి, తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద ఊరూరూ తిరిగారు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఇవన్నీ మాకు పరీక్షలో ప్రశ్నల్లాగా వచ్చు. అసలు సంగతి చెప్పింది మాత్రం గంట తాత.

తాత గుడి గంట కొట్టేవాడు. 1939 జనవరి 6న గుడి ప్రతిష్ఠ జరిగిననాడు తనకు పదమూడేళ్ళని చెప్పేవాడు. ఒక సాయంత్రం మెట్ల మీద మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టుకుని, "అయ్యగారు దొరల ముందట నిలబడి ఏమడిగిండో ఎరుకేనా? పైసలడగలే. బంగ్లాలడగలే. స్నేహితుల్నడిగిండు" అన్నాడు.

పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. 1910 జూన్‌లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. 1,200 మందికి పైగా ప్రతినిధులు వచ్చారు. దాదాపు అందరూ తెల్లవాళ్ళే. 35 ఏళ్ళ అజరయ్య గారు లేచి, ఇక్కడ పనిచేస్తున్న మిషనరీలకూ, ఈ దేశపు పనివాళ్ళకూ మధ్య ఉన్న దూరం గురించి మాట్లాడారు. మీ త్యాగాన్ని ఈ దేశపు సంఘం ఎన్నటికీ మరిచిపోదు అని చెప్పి, చివర్లో అన్నారు: బీదల పోషణకు మీ ఆస్తి ఇచ్చారు, కాల్చబడడానికి మీ శరీరాలు ఇచ్చారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదమూడో అధ్యాయం తెలిసినవాళ్ళకు ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో వెంటనే తెలుస్తుంది. ఆస్తి అంతా ఇచ్చినా, శరీరాన్నే అప్పగించినా, ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదంటాడు పౌలు. సభలో కొందరికి ఆ మాటలు గుచ్చుకున్నాయి. కానీ అజరయ్య గారు అక్కసుతో అన్న మాట కాదది. షేర్‌వుడ్ ఎడ్డీ అనే అమెరికా మిత్రుడితో కలిసి ఏళ్ళ తరబడి వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంఘంలో పనిచేసిన మనిషి. తాను రుచి చూసినదాన్నే అందరికీ అడిగాడు.

ఆ సాయంత్రం ఇవేవీ మాకు తెలియవు. "అడిగితే స్నేహితుల్ని ఇస్తారా తాతా?" అన్నాను. తాత జవాబు చెప్పేలోపు గంట కొట్టే వేళయింది, లేచి వెళ్ళిపోయాడు. వాడు నన్ను మోచేత్తో పొడిచి, "మరి నన్నెవరిచ్చిన్రు రా నీకు?" అన్నాడు.

"వార్డెన్ గారు" అన్నాను. ఆ చాప జాగా నాకు చూపించింది ఆయనే మరి.

1988లో పదో తరగతి. నేను పాసయ్యాను, వాడికి లెక్కల్లో పోయింది. మళ్ళీ కట్టమన్నాను. ఫీజు నాన్నతో ఇప్పిస్తానన్నాను. అప్పటికే వాళ్ళ నాన్నకు నడుము పడిపోయింది. వాడు తాపీ పనికి వెళ్ళాడు. నేను ఖమ్మంలో ఇంటర్, డిగ్రీ, ఆ తర్వాత హైదరాబాదులో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఉత్తరాలు రాసుకున్నాం, పెళ్ళిళ్ళకు కలుసుకున్నాం. నా పెళ్ళిలో వంట పందిరి దగ్గర నుంచి కుర్చీలు మోసేదాకా అన్నీ వాడే చూశాడు. మా అమ్మ ఆ రోజు వాణ్ణి పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుని వడ్డించింది. మా ఇంట్లో అది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు రాయబోయేది రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

1999 ఆగస్టులో వాళ్ళ ఊరి పాస్టరు గారి దగ్గర నుంచి కార్డు వచ్చింది. వాడి కూతురు, నాలుగేళ్ళ పాప, జ్వరంతో పోయింది. ఖమ్మం తీసుకువెళ్ళేలోపే అయిపోయింది. వచ్చే ఆదివారం ఆదరణ కూడిక. కార్డులో ఉన్నది అంతే, నాలుగు లైన్లు.

ఆఫీసులో అప్పుడు ఆడిట్ జరుగుతోంది. టెన్షన్‌గా ఉంది, నిజమే. కానీ సెలవు అడిగితే ఇచ్చేవారు. నేను అడగలేదు. ఏ మొహంతో వాడి ముందు నిలబడాలి, ఏం మాట్లాడాలి అని భయం. రాత్రంతా కుమిలి, పొద్దున్నే పోస్టాఫీసుకు వెళ్ళి వెయ్యి రూపాయలు మనియార్డరు చేశాను. ఫారం కింద రాసుకోవడానికి ఇంత జాగా ఉండేది. "దేవుడు మిమ్మల్ని ఆదరించును గాక. ప్రార్థిస్తున్నాను" అని రాశాను. రెండు వారాలకు రసీదు ముక్క తిరిగొచ్చింది. డబ్బు ముట్టినట్టు వాడి సంతకం. బోర్డింగులో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో పూర్తి పేరు. పక్కనే తెల్లటి వేలిముద్ర. సున్నం మరకో, సిమెంటు మరకో. పని మధ్యలో పోస్టుమాన్ పిలిస్తే వచ్చి సంతకం పెట్టి ఉంటాడు. ఆ రసీదును నేను బైబిల్లో దాచుకున్నాను. చేయాల్సింది చేశానని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

ఆ తర్వాత కలిసినప్పుడు వాడు ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

2009 జూలైలో మా ఆవిడకు ఆపరేషన్ అయ్యాక ఇన్ఫెక్షన్ వచ్చింది. ఐసీయూలో పెట్టారు. చుట్టాలు, సంఘస్థులు అందరూ వచ్చారు. పళ్ళు తెచ్చారు, బ్రెడ్డు తెచ్చారు, ప్రార్థన చేశారు, "ఏదన్నా అవసరమైతే మొహమాటపడకు, ఫోన్ చెయ్యి" అని వెళ్ళారు. వాళ్ళను తప్పు పట్టను. నేను పంపిన వెయ్యి రూపాయలు గుర్తున్నవాణ్ణి, ఎవర్ని తప్పు పట్టగలను?

మూడో రోజు మధ్యాహ్నం కారిడార్ చివర వాడు కనిపించాడు. గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌కు సికింద్రాబాదులో దిగి, అడుగుతూ అడుగుతూ వచ్చాడు. చేతిలో గుడ్డ సంచి, చంకలో చాప చుట్ట. గోళ్ళ చుట్టూ ఎండిన సిమెంటు. "చెల్లెకు ఎట్లుంది?" అన్నాడు. చెప్పాను. సరేనని నా పక్క కుర్చీలో కూర్చున్నాడు.

తొమ్మిది రోజులు ఉన్నాడు. నీళ్ళ సీసా నింపుకొచ్చేవాడు, మందుల షాపు దగ్గర లైన్లో నిలబడేవాడు, మా అబ్బాయిని బడికి దింపి వచ్చేవాడు. నేను తినకపోతే పొట్లం విప్పి నా చేతిలో పెట్టి, తినేదాకా నా వంకే చూస్తూ కూర్చునేవాడు. మాటలు మాత్రం చాలా తక్కువ. నేనొకటి గమనించాను. యోబు స్నేహితుల గురించి ప్రసంగాల్లో ఎప్పుడూ వాళ్ళు అన్న తప్పుడు మాటలే చెబుతారు. అంతకు ముందు వాళ్ళు చేసిన పని ఎవరూ చెప్పరు. అతని దుఃఖం ఎంత పెద్దదో చూసి, ఒక్క మాట కూడా పలకకుండా ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడింది కథ. ఆ ఏడు రోజులు ఎంత గొప్పవో ఆ కారిడార్లో కూర్చుంటేనే నాకు తెలిసింది.

రాత్రి రెండు గంటలప్పుడు ఆసుపత్రి ఎట్లా ఉంటుందో కూర్చున్నవాళ్ళకు తెలుసు. మెషిన్ల చప్పుడు, ఎవరిదో ఏడుపు, ఫినాయిల్ వాసన. నేను కునికిపాట్లు పడుతుంటే వాడు మాత్రం కళ్ళు తెరుచుకునే ఉండేవాడు. గెత్సేమనే తోటలో యేసు తన వాళ్ళను అడిగింది ఎంత చిన్న కోరికో నాకప్పుడు తట్టింది. నాకోసం కత్తి పట్టండని అడగలేదు. ఇక్కడే ఉండి నాతో కూడా మెలకువగా ఉండమన్నాడు, అంతే. అంతకు కాసేపటి ముందే భోజనపు బల్ల దగ్గర, ఇక మిమ్మల్ని దాసులని పిలవను, స్నేహితులని పిలుస్తున్నాను అన్నాడు. ఆ స్నేహితులు ఒక్క గడియ మేల్కొని ఉండలేకపోయారు. దేవుని కుమారుడికి కూడా ఆ రాత్రి పక్కన మనిషి కావలసి వచ్చిందంటే, నా బోటివాడి సంగతేమిటి? ఆ వచనాలు చిన్నప్పటి నుంచీ కంఠత వచ్చు నాకు. అర్థం తెలియలేదంతే.

ఆరో రాత్రి మా ఆవిడను వార్డుకు మార్చారు. గండం గడిచిందన్నారు. నేను వాడి చెయ్యి పట్టుకుని, "నీ రుణం ఎట్లా తీర్చుకోనురా" అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నేల వైపు చూస్తూ మెల్లగా అన్నాడు. "అప్పుడు నీ వెయ్యి రూపాయలు ముట్టినయ్‌ రా. సమాధికి సిమెంటు కొన్న. మంచి సిమెంటు. నేనే కట్టిన."

నాకు గొంతు పెగల్లేదు.

"కూడిక నాడు పొద్దున స్టేషన్‌కు పోయిన. రెండు బండ్లు చూసిన. నువ్వు దిగుతవనుకున్న. పైసలు వచ్చినయ్, నువ్వు రాలే."

కోపంగా అనలేదు. గొంతు కూడా పెంచలేదు. పదేళ్ళు లోపల ఉంచుకున్న మాటను తీసి నా ముందు పెట్టాడు, అంతే. మేలును కోరి స్నేహితుడు గాయములు చేయును అని బైబిల్లో సామెతల గ్రంథంలో ఉంది. ఆ గాయం తగిలినప్పుడు అది మేలని అనిపించదు. ఆసుపత్రి నేల మీద కూర్చుని, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఎడిన్‌బరోలో అన్న ఆ మాటలు, గంట తాత గొంతుతో, చెవుల్లో మోగాయి. ఆస్తి ఇచ్చారు. మాకు స్నేహితులనివ్వండి. చిన్నప్పుడు ఆ మెట్ల మీద కూర్చుని, తెల్లదొరలు ఎంత తప్పు చేశారో అనుకున్నాను. మనియార్డరు ఫారం నింపుతున్నప్పుడు నేనూ అదే చేస్తున్నానని నాకు తోచలేదు.

"క్షమించరా" అన్నాను.

"క్షమించకపోతే వస్తనారా?" అన్నాడు. "పండుకో ఇగ. తెల్లారి డాక్టరొస్తడు."

చాప పరిచి, గోడ వైపు జరిగి, నాకు జాగా ఇచ్చాడు. నలభై దగ్గర పడిన ఇద్దరం ఆ ఒక్క చాప మీద పడుకున్నాం. ఒక నర్సమ్మ మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళింది, ఏమీ అనలేదు.

ఆ యేడు నవంబరు 2న, సమాధుల పండుగకు, సెలవు అడిగి వాళ్ళ ఊరు వెళ్ళాను. ముందు రోజే ఫోన్ చేసి చెప్పాను. డోర్నకల్‌లో నేను దిగేసరికి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో అడగలేదు. ఇద్దరం కలిసి కారేపల్లి వైపు వెళ్ళాం. వాళ్ళింట్లో అన్నం తిన్నాక, వాళ్ళావిడ బంతిపూలు, కొవ్వొత్తులు సంచిలో పెట్టి ఇచ్చింది.

సమాధుల తోట ఊరి చివర, చెరువు కట్ట కింద ఉంది. పాప సమాధి రెండు మూరలు కూడా ఉండదు. అంచులు నున్నగా, మట్టం తప్పకుండా, పదేళ్ళయినా ఒక్క పగులు లేదు. తలాపున చిన్న సిలువ. సిమెంటు తడిగా ఉన్నప్పుడే మేకుతో పేరు రాశాడు. ఆ గుండ్రటి అక్షరాలు నేను ఎక్కడైనా గుర్తుపడతాను.

ముందు రోజే సున్నం మొదలుపెట్టినట్టున్నాడు. మూడు వైపులు తెల్లగా ఉన్నాయి. నాలుగో వైపు పాత రంగే ఉంది. అదేమిటని అడిగితే ఏమీ చెప్పలేదు. డబ్బాలో సున్నం కలిపి, కుంచె ముంచి, కారే సున్నాన్ని అంచుకు తుడిచి, నా చేతికి ఇచ్చాడు. తర్వాత తను కూర్చున్న చోటి నుంచి మూరెడు పక్కకు జరిగాడు.